మౌస్ పెడితేనే ధర కనిపిస్తుందా? మరి ఫోన్‌లో చూసేవాళ్ల సంగతేంటి? ఫొటోపై హోవర్ టెక్స్ట్ పెట్టే ముందు ఇవి తెలుసుకోండి!

ఫొటో మీద మౌస్ పెట్టగానే మెల్లగా నల్లటి పరదా దిగుతుంది. దాని మీద తెల్లటి అక్షరాల్లో పేరు, ధర, నాలుగు మాటలు. మౌస్ తీసేస్తే మళ్లీ మామూలు ఫొటో. షాపింగ్ సైట్లలో, ఫొటో గ్యాలరీల్లో, పెళ్లి ఫొటోగ్రాఫర్ల వెబ్ పేజీల్లో దీన్ని రోజూ చూస్తూనే ఉంటాం. చూడ్డానికి పెద్ద ప్రోగ్రామింగ్‌లా అనిపిస్తుంది కానీ, దీని వెనక ఉన్నది పది పదిహేను లైన్ల సీఎస్ఎస్ మాత్రమే. వెబ్ డిజైన్ నేర్చుకునేవాళ్లు మొదటి నెలలోనే చేసేయొచ్చు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. మౌస్ పెడితే కనిపించే అక్షరాలు.. అసలు మౌసే లేనివాళ్లకు ఎలా కనిపిస్తాయి? ఫోన్‌లో పేజీ తెరిచినవాళ్ల పరిస్థితి ఏంటి? ఈ ఒక్క ప్రశ్న వేసుకోకపోతే ఎంత అందమైన ఎఫెక్ట్ అయినా పనికి అడ్డమే అవుతుంది. హోవర్ ఎఫెక్ట్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ దెబ్బతింటుంది, దాన్ని ఎలా సరిచేయాలి అనేది ఒక ఉదాహరణతో చూద్దాం.

ఉదాహరణ: ఆరు చీరల పేజీ

ఒక చేనేత కుటుంబంలో డిగ్రీ చదువుతున్న అబ్బాయి ఇంట్లో నేసిన చీరలు అమ్మడానికి ఒక వెబ్ పేజీ తయారు చేస్తున్నాడనుకుందాం. పేజీలో ఆరు ఫొటోలు. అన్నీ పోచంపల్లి ఇక్కత్ చీరలే. ఒక్కో ఫొటోపై మౌస్ పెడితే చీర పేరు, పట్టా కాటనా, బ్లౌజ్ ముక్క ఉందా లేదా, ధర ఎంత అనేవి కనిపించాలి. ఫొటో నొక్కితే ఆ చీర పూర్తి వివరాల పేజీ తెరుచుకోవాలి. కావాల్సింది ఇంతే.

కింద చెప్పే సీఎస్ఎస్ పేర్లన్నీ చదవడానికి వీలుగా తెలుగులో ఉన్నాయి. కోడ్‌లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ముందు హెచ్‌టీఎంఎల్.. మూడు ముక్కలు చాలు

మొదటిది కార్డు. ఇది బయటి డబ్బా. దీన్ని లింక్‌గానే, అంటే యాంకర్ ట్యాగ్‌గానే పెట్టుకోవడం మంచిది. ఎందుకనేది తర్వాత తెలుస్తుంది. రెండోది కార్డు లోపల ఫొటో. మూడోది ఫొటో తర్వాత వచ్చే మాటల డబ్బా. పేరు, ధర అన్నీ ఇందులోనే ఉంటాయి. దీన్నే ఓవర్‌లే అంటారు. కోడ్‌లో కార్డుకు ఒక క్లాస్ పేరు, మాటల డబ్బాకు ఒక క్లాస్ పేరు ఇచ్చుకుంటే సరిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒక షార్ట్‌కట్ వాడతారు. ఫొటోషాప్‌లోనో, ఫోన్ యాప్‌లోనో ధరను ఫొటో మీదే రాసేసి పోస్టర్‌లా అప్‌లోడ్ చేస్తారు. వాట్సాప్ స్టేటస్‌కైతే ఫర్వాలేదు. వెబ్ పేజీలో మాత్రం అది అక్షరం కాదు, బొమ్మే. పేజీలో వెతికితే దొరకదు, కాపీ చేయలేరు. ధర మారితే ఫొటో మళ్లీ తయారు చేయాల్సిందే. చూపు లేనివాళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లు కూడా దాన్ని అక్షరాలుగా చదవవు. అందుకే ఫొటో ఫొటోలాగా, మాట మాటలాగా విడిగా ఉండాలి. ఒకదాని మీద ఒకటి పెట్టే పని సీఎస్ఎస్‌కు వదిలేయాలి.

సీఎస్ఎస్.. ఐదు అడుగులు

1. కార్డుకు పొజిషన్ రిలేటివ్, డిస్‌ప్లే బ్లాక్, ఓవర్‌ఫ్లో హిడెన్ ఇవ్వాలి. లోపల వచ్చే పరదాకు హద్దు ఈ డబ్బానే అని చెప్పేది పొజిషన్ రిలేటివ్. హద్దు దాటినదాన్ని కత్తిరించేది ఓవర్‌ఫ్లో హిడెన్.

2. ఫొటోకు విడ్త్ 100 శాతం, డిస్‌ప్లే బ్లాక్ పెట్టాలి. ఫొటో మామూలుగా వాక్యంలో ఒక అక్షరంలా కూర్చుంటుంది కాబట్టి దాని కింద సన్నటి ఖాళీ గీత మిగులుతుంది. డిస్‌ప్లే బ్లాక్ పెడితే ఆ గీత పోతుంది. ఆరు ఫొటోలూ ఒకే కొలతలో కనిపించాలంటే ఆస్పెక్ట్ రేషియో, ఆబ్జెక్ట్ ఫిట్ కవర్ అనే రెండు లైన్లు కలపాలి.

3. మాటల డబ్బాకు పొజిషన్ యాబ్సల్యూట్, ఇన్‌సెట్ 0 ఇవ్వాలి. ఇన్‌సెట్ 0 అంటే పైన, కింద, కుడి, ఎడమ నాలుగు వైపులా ఖాళీ లేకుండా పరుచుకోమని. దీంతో మాటల డబ్బా సరిగ్గా ఫొటో మీదికి వచ్చి కూర్చుంటుంది.

4. అదే డబ్బాకు ఒపాసిటీ 0 ఇవ్వాలి. డబ్బా అక్కడే ఉంటుంది కానీ కంటికి కనిపించదు. దాంతోపాటు ట్రాన్సిషన్ ఒపాసిటీ 0.3 సెకన్లు అని రాయాలి.

5. కార్డు మీద హోవర్ అయినప్పుడు లోపలి మాటల డబ్బా ఒపాసిటీ 1 కావాలని ఒక రూల్ రాయాలి.

అంతే. మౌస్ కార్డు మీదికి రాగానే బ్రౌజర్ ఒపాసిటీని 0 నుంచి 1కి ఒకేసారి కాకుండా 0.3 సెకన్లలో మెల్లగా మారుస్తుంది. జావాస్క్రిప్ట్ ఒక్క లైను కూడా అక్కర్లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాట్లు ఇవే

పొజిషన్ రిలేటివ్ మర్చిపోవడం: కార్డుకు ఇది లేకపోతే మాటల డబ్బాకు తన హద్దేదో తెలియదు. పైన ఇంకెక్కడైనా పొజిషన్ ఇచ్చిన డబ్బా ఉందేమో వెతుక్కుంటూ పోతుంది. ఏదీ దొరక్కపోతే ఫొటో మీద ఉండాల్సిన పరదా స్క్రీన్ మొత్తం కప్పేస్తుంది.

ట్రాన్సిషన్‌ను హోవర్ రూల్‌లో రాయడం: అలా చేస్తే పరదా వచ్చేటప్పుడు మెల్లగా వస్తుంది, పోయేటప్పుడు టక్కున మాయమవుతుంది. రెండు వైపులా మెల్లగా జరగాలంటే ట్రాన్సిషన్ మామూలు స్థితిలోని రూల్‌లో ఉండాలి.

ఒపాసిటీ బదులు డిస్‌ప్లే నన్ వాడటం: దీంతో మెల్లగా మారడమనేది మామూలు ట్రాన్సిషన్‌కు సాధ్యం కాదు. ఇంకో నష్టం కూడా ఉంది. డిస్‌ప్లే నన్ పెట్టిన మాటలను స్క్రీన్ రీడర్ కూడా వదిలేస్తుంది. ఒపాసిటీ 0 పెట్టిన మాటలు కంటికి కనిపించకపోయినా స్క్రీన్ రీడర్‌కు అందుతాయి.

పరదా పల్చబడాలని డబ్బా మొత్తానికి ఒపాసిటీ 0.6 ఇవ్వడం: అప్పుడు వెనకున్న నలుపే కాదు, దాని మీది అక్షరాలు కూడా వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. పల్చదనం బ్యాక్‌గ్రౌండ్ రంగుకే ఇవ్వాలి. ఆర్‌జీబీఏ పద్ధతిలో 0, 0, 0, 0.6 అని రాస్తే నలుపు మాత్రమే పల్చబడుతుంది, అక్షరాలు గట్టిగా ఉంటాయి.

జారే పరదా, జూమ్ అయ్యే ఫొటో

పరదా ప్రత్యక్షమవడమే కాదు, కింది నుంచి పైకి జారుతూ రావాలంటే ట్రాన్స్‌ఫామ్ వాడాలి. మామూలుగా ట్రాన్స్‌లేట్ వై 100 శాతం ఇస్తే డబ్బా తన ఎత్తంత కిందికి దిగి కార్డు హద్దు దాటి దాక్కుంటుంది. హోవర్‌లో దాన్ని 0 చేస్తే పైకి జారి వస్తుంది. ఫొటో కొంచెం దగ్గరికి వచ్చినట్టు ఉండాలంటే హోవర్‌లో ఫొటోకు స్కేల్ 1.05 ఇవ్వొచ్చు. కార్డుకు ఓవర్‌ఫ్లో హిడెన్ ఉంది కాబట్టి పెరిగిన ఫొటో పక్క ఫొటో మీదికి పోదు. ఇలా కదిలేవాటికి కూడా మామూలు స్థితిలో ట్రాన్సిషన్ రాయాలి. అప్పుడు అందులో ఒపాసిటీ ఒక్కటే కాకుండా ట్రాన్స్‌ఫామ్ పేరు కూడా చేర్చాలి.

ఇవే ఎఫెక్టులను టాప్, హైట్ లాంటివి మార్చి కూడా చేయొచ్చు. కానీ వాటిని మార్చిన ప్రతిసారీ పేజీలో ఏది ఎక్కడుండాలో బ్రౌజర్ మళ్లీ లెక్క వేసుకోవాలి. ఒపాసిటీ, ట్రాన్స్‌ఫామ్ మారితే ఆ లెక్క అక్కర్లేదు. అందుకే పాత కంప్యూటర్లలో కూడా ఇవి ఆగి ఆగి కాకుండా సాఫీగా నడుస్తాయి.

అసలు సమస్య ఇక్కడే..

ఇంతవరకూ బాగానే ఉంది. అబ్బాయి ల్యాప్‌టాప్‌లో చూసుకున్నాడు, ఎఫెక్ట్ అదిరిపోయింది. లింక్‌ను వాట్సాప్‌లో బంధువులకు, పాత కస్టమర్లకు పంపించాడు. వాళ్లందరూ తెరిచింది ఫోన్‌లో. వాళ్లకు కనిపించింది ఆరు ఫొటోలు మాత్రమే. పేరు లేదు, ధర లేదు. ఇంకేముంది, అందరి నుంచీ ఒకటే మెసేజ్. "ధర ఎంత తమ్ముడూ?" అని. మెసేజ్ పెట్టినవాళ్లు నయం. పెట్టకుండా పేజీ మూసేసినవాళ్లు ఎందరో అబ్బాయికి ఎప్పటికీ తెలియదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే.. హోవర్ అనేది మౌస్ కాలంలో పుట్టింది. 1996 డిసెంబర్‌లో వచ్చిన సీఎస్ఎస్ మొదటి ప్రమాణంలో ఇది లేదు. 1998 మేలో వచ్చిన సీఎస్ఎస్ 2లో చేరింది. ఆ తర్వాత ఎక్కువమంది వాడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 6 అయితే హోవర్‌ను లింకుల మీద మాత్రమే ఒప్పుకునేది. 2006లో వచ్చిన ఏడో వెర్షన్‌లో గానీ మిగతా వాటికి పనిచేయలేదు. ఆ మరుసటి ఏడాది, 2007లో ఐఫోన్ వచ్చింది. మౌస్ పోయి వేలు వచ్చింది. వేలు స్క్రీన్‌ను తాకితే నొక్కినట్టే. తాకకుండా పైన ఆగి ఉన్న వేలు సంగతి మామూలు టచ్ ఫోన్‌కు తెలియదు.

ఫోన్ బ్రౌజర్లు ఏదో సర్దుబాటు చేస్తాయి కానీ దాని మీద ఆధారపడలేం. ఒక్కోసారి మొదటి ట్యాప్‌ను హోవర్‌గా లెక్కేస్తాయి, లింక్ తెరవాలంటే రెండోసారి నొక్కాలి. ఇంకోసారి ట్యాప్ చేయగానే నేరుగా లింక్ తెరుచుకుంటుంది, మాటలు కనిపించే సందే ఉండదు. మరోసారి పరదా దిగి అక్కడే అతుక్కుపోతుంది, పక్కన ఎక్కడో నొక్కేదాకా కదలదు.

పరిష్కారం: ముందు చూపించాలి, తర్వాతే దాచాలి

దీనికి సీఎస్ఎస్‌లోనే మందు ఉంది. దాని పేరు హోవర్ మీడియా క్వెరీ. కోడ్‌లో మీడియా అని రాసి, బ్రాకెట్లో హోవర్ కోలన్ హోవర్ అని పెడతారు. ఈ పరికరంలో ప్రధానంగా వాడే సాధనంతో హోవర్ సులువుగా చేయొచ్చా లేదా అని బ్రౌజర్‌ను అడగడమే దీని పని. మౌస్ ఉన్న కంప్యూటర్ అవునంటుంది. టచ్ ఫోన్ కాదంటుంది.

ఇప్పుడు పైన చెప్పిన ఐదు అడుగుల్లో చిన్న మార్పు చేయాలి. 1, 2 అడుగులు ఎక్కడున్నవి అక్కడే. 3, 4, 5 అడుగులను మాత్రం ఈ మీడియా క్వెరీ లోపలికి జరపాలి. అంటే పొజిషన్ యాబ్సల్యూట్, ఒపాసిటీ 0, హోవర్ రూల్ అన్నీ మౌస్ ఉన్నవాళ్లకే వర్తిస్తాయి. ఫోన్‌లో ఏ దాపరికమూ లేకుండా ఫొటో, దాని కిందే పేరు, ధర కనిపిస్తాయి.

ఒక్క జాగ్రత్త. పరదా మీద తెల్ల అక్షరాలు అనుకున్నాం కదా.. ఫోన్‌లో అవే తెల్ల అక్షరాలు తెల్ల పేజీ మీద పడితే అసలు కనిపించవు. కాబట్టి తెలుపు రంగును, పల్చటి నలుపు బ్యాక్‌గ్రౌండ్‌ను కూడా మీడియా క్వెరీ లోపలే పెట్టాలి. బయట మామూలు నల్ల అక్షరాలు ఉండనివ్వాలి.

కొన్ని ల్యాప్‌టాప్‌లకు మౌస్‌తో పాటు టచ్ స్క్రీన్ కూడా ఉంటుంది. అవి హోవర్ ఉందనే చెబుతాయి, కానీ వాడే మనిషి వేలితో నొక్కొచ్చు. అందుకే ఫొటో నొక్కితే తెరుచుకునే పేజీలో కూడా అవే వివరాలు తప్పకుండా ఉండాలి. ఇంకా చెప్పాలంటే ధర లాంటి ముఖ్యమైన విషయాన్ని కంప్యూటర్‌లో కూడా దాచకపోవడమే మంచిది. టీవీలో కింది పట్టీ చూడండి.. వార్త ముఖ్యాంశం ఎప్పుడూ కళ్ల ముందే ఉంటుంది, రిమోట్ నొక్కితేనే కనిపిస్తానని అనదు. పేరు, ధర ఎప్పుడూ కనిపించేలా ఉంచి, మిగతా వివరాలకు హోవర్ వాడుకుంటే అందమూ ఉంటుంది, పనీ జరుగుతుంది.

కీబోర్డుతో చూసేవాళ్లను మరవొద్దు

కంప్యూటర్ ముందు కూర్చున్న అందరూ మౌస్ వాడరు. చేతులు వణికేవాళ్లు, మౌస్ పట్టుకోలేనివాళ్లు ట్యాబ్ కీ నొక్కుతూ ఒక లింక్ నుంచి ఇంకో లింక్‌కు వెళ్తారు. కార్డును లింక్‌గానే పెట్టాలని మొదట్లో చెప్పింది ఇందుకే. లింక్ అయితే ట్యాబ్ దాని మీద ఆగుతుంది. హోవర్ రూల్ పక్కనే ఫోకస్ విజిబుల్ అనే మాట కూడా చేర్చి అదే ఒపాసిటీ 1 ఇస్తే, ట్యాబ్ ఆగగానే పరదా దిగుతుంది. కష్టం ఒక్క లైన్ మాత్రమే.

వెబ్ అందరికీ అందుబాటులో ఉండటానికి పాటించాల్సిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాలు 2018 జూన్‌లో వచ్చాయి. హోవర్‌తోనో ఫోకస్‌తోనో బయటికొచ్చే అదనపు సమాచారం గురించి అందులో ప్రత్యేకంగా ఒక నియమం ఉంది. ఆ సమాచారం కింద ఉన్నదానికి అడ్డొస్తుంటే మౌస్ కదపకుండానే తీసేసే వీలుండాలి. మౌస్‌ను దాని మీదికి తెచ్చినా మాయం కాకూడదు. చదివేలోపు తనంతట తానే పోకూడదు.

ఇది డిజైనర్ల ముచ్చట మాత్రమే కాదు. డిజిటల్ సేవలు అందుకోవడం కూడా రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు చెప్పింది. అది డిజిటల్ కేవైసీ కేసు. చీరల పేజీకి అంత పెద్ద విషయం అక్కర్లేదనిపించొచ్చు. కానీ రేపు ఇదే అబ్బాయి బ్యాంకుకో, ఆస్పత్రికో పేజీ తయారు చేస్తే ఇదే అలవాటు అక్కడికీ వెళ్తుంది.

అక్షరం చదవగలిగేలా ఉందా?

తెల్ల చీర ఫొటో మీద తెల్ల అక్షరాలు పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పరదా ఎంత నల్లగా ఉండాలనేదానికి లెక్క ఉంది. మామూలు సైజు అక్షరాలకు, వెనక రంగుకు మధ్య తేడా కనీసం 4.5కు 1 నిష్పత్తిలో ఉండాలన్నది ప్రమాణం. పెద్ద అక్షరాలకైతే 3కు 1 చాలు. పూర్తి తెల్లటి ఫొటోపై 0.5 నలుపు పరదా వేసి తెల్ల అక్షరాలు రాస్తే ఆ నిష్పత్తి 4కు కొంచెం తక్కువే వస్తుంది, అంటే ఫెయిల్. అదే 0.6 చేస్తే 5.7 దాకా వెళ్తుంది, పాస్. ఫొటో ఎంత తెల్లగా ఉన్నా 0.6 పరదా గట్టెక్కిస్తుందన్నమాట.

తెలుగుకు ప్రత్యేకంగా ఇవి చూసుకోవాలి

ఇంటర్నెట్‌లో దొరికే రెడీమేడ్ కోడ్ ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. దాన్ని అలాగే తెచ్చి తెలుగు పెడితే ఇబ్బందులు వస్తాయి. ఇంగ్లిష్‌కు లైన్ హైట్ 1.2 సరిపోవచ్చు. తెలుగులో పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. లైన్లు దగ్గరైతే పై లైను ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది. ఓవర్‌ఫ్లో హిడెన్ ఉన్న చోట చివరి లైను ఒత్తులు తెగిపోతాయి కూడా. లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి చూసుకోవాలి. లెటర్ స్పేసింగ్ తీసేయాలి, లేకపోతే పదం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. డబ్బా ఎత్తును పిక్సెళ్లలో బిగించేయకూడదు, లేదంటే పొడవైన పేర్లు పట్టవు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. ఫొటోలపై చిన్న సైజులో లావు అక్షరాలు వాడితే లోపలి సందులు పూడుకుపోతాయి కాబట్టి, లావు ఫాంట్‌ను పెద్ద సైజు పేర్లకే ఉంచుకోవాలి.

పేజీ భాష తెలుగు అని హెచ్‌టీఎంఎల్‌లో లాంగ్ గుర్తుతో చెప్పడం కూడా ముఖ్యమే. అది చూసే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతును ఎంచుకుంటుంది. ఇక ప్రతి ఫొటోకూ ఆల్ట్ టెక్స్ట్ ఉండాలి. అందులో 'చీర ఫొటో' అని కాకుండా 'ఎరుపు రంగు ఇక్కత్ పట్టుచీర, నల్ల అంచు' అని రాస్తే వినేవాళ్లకు చీర కళ్లకు కట్టినట్టుంటుంది.

స్క్రీన్ మీద కదలికలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లు ఫోన్, కంప్యూటర్ సెట్టింగ్స్‌లో కదలికలు తగ్గించమని పెట్టుకుంటారు. ప్రిఫర్స్ రిడ్యూస్డ్ మోషన్ అనే మీడియా క్వెరీ రాసి, అందులో జూమ్‌ను, ట్రాన్సిషన్‌ను ఆపేస్తే చాలు. పరదా కదలకుండా నేరుగా కనిపిస్తుంది.

పేజీ పంపే ముందు ఐదు నిమిషాల పరీక్ష

* లింక్‌ను సొంత ఫోన్‌లో తెరిచి, ఏదీ నొక్కకుండా చూడాలి. పేరు, ధర కనిపిస్తున్నాయా?
* కంప్యూటర్‌లో మౌస్ పక్కన పెట్టి ట్యాబ్ కీతో ఆరు కార్డులూ తిరగాలి. ప్రతి చోటా పరదా దిగుతోందా?
* ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్ ఆన్ చేసి వినాలి. ధర చదువుతోందా?
* అన్నింటికంటే తెల్లగా ఉన్న ఫొటో మీద అక్షరాలు చదవగలుగుతున్నారా?
* అన్నింటికంటే పొడవైన పేరు పెట్టి చూడాలి. ఒత్తులు తెగుతున్నాయా?

ఐదూ పాసైతే పేజీ రెడీ. మౌస్ ఉన్నవాళ్లకు ఎఫెక్ట్ కనిపిస్తుంది, లేనివాళ్లకు ధర కనిపిస్తుంది. ఇక కస్టమర్ల నుంచి వచ్చే మెసేజ్ "ధర ఎంత తమ్ముడూ?" అని కాకుండా "ఆ ఎర్ర చీర ఉంచు తమ్ముడూ" అని ఉంటుంది. పేజీ పెట్టింది అందుకే కదా!